నా లోపల ఉన్న బాకీల చిట్టాకి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన చిట్టా గారికి,

గారు అని మొదలుపెట్టాను గానీ మనమధ్య అంత మర్యాదలు ఎందుకులే, ఊహ తెలిసినప్పటి నుంచి నా లోపలే కాపురం ఉంటున్నావు కదా, నువ్వు అనే పిలుస్తా. ముందు నీ పనితనానికి ఒక దణ్ణం. పొద్దున చదివిన వాక్యం నాకు సాయంత్రానికి గుర్తుండదు, కానీ పదకొండేళ్ళ కింద ఒక ఫ్రెండ్ నా వెనకాల ఏమన్నాడో, ఏ గొంతుతో అన్నాడో, పక్కన ఎవరెవరు నవ్వారో మొత్తం నీ దగ్గర భద్రంగా ఉంది. వడ్డీ కూడా కడుతున్నావనుకుంటా, ఎందుకంటే తీసి చూసిన ప్రతిసారీ ఆ మాట అప్పటికంటే ఇంకొంచెం పెద్దదిగానే కనపడుతోంది.

ఒక్క డౌటు మాత్రం ఉంది, తప్పుగా అనుకోవద్దు. నా పేజీ ఎప్పుడు చూసినా ఖాళీగా ఎందుకుంటుంది? నేనేం తక్కువ చెయ్యలేదే. కష్టం వచ్చినప్పుడు దేవుడికి ఇచ్చిన మాటలు, కష్టం పోగానే ఎగ్గొట్టిన మాటలు లెక్కపెడితే నీ పేజీలు చాలవు. కానీ రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు "ప్రభువా క్షమించు" అనగానే నాది పెన్సిలు రాతలాగా చెరిగిపోతుంది, అవతలోడిది మాత్రం పచ్చబొట్టు. ఈ సదుపాయం నాకొక్కడికేనా, లేక అందరి చిట్టాలూ ఇట్లాగే పనిచేస్తాయా?

నిన్న బైబిల్లో హోషేయ అనే ప్రవక్త గ్రంథం చదివాను, 14 అధ్యాయాలే, చిన్నదే. నువ్వు నా పక్కనే కూర్చుని చదివావు, మూడో అధ్యాయం దగ్గరకొచ్చేసరికి నీ మొహం మాడిపోయింది, చూశాను. నీ రూల్స్ ప్రకారం హోషేయది తిరుగులేని కేసు కదా. పెళ్ళాం గోమెరు వదిలేసి పోయింది, తప్పంతా ఆమెదే, ఊరంతా సాక్షులే. ఇలాంటి ఎంట్రీ దొరికితే నువ్వు నలభై ఏళ్ళు హాయిగా బతికేస్తావు. దేవుడేమో మళ్ళీ వెళ్ళి ఆమెని ప్రేమించు అన్నాడు, ఈయనేమో 15 తులాల వెండి, దాని మీద యవలు కొలిచి ఇచ్చి తెచ్చుకున్నాడు. చేతిలో ఉన్న వెండి సరిపోక ఇంట్లో ఉన్న గింజలు కూడా మోసుకెళ్ళాడేమో అని నాకనిపిస్తుంది, అట్లా అని రాసి లేదులే, నా ఊహ. బాకీ పడింది ఆమె, కట్టింది ఈయన. ఇది ఏ పద్దు కింద రాస్తావో చెప్పు చూద్దాం.

అట్లాగని దేవుడికి కోపమే రాలేదు, అంతా చూసీచూడనట్టు వదిలేశాడు అనుకుంటే పొరపాటే. ఆ గ్రంథం నిండా కోపమే. పుట్టిన పిల్లలకి పేర్లే అట్లా పెట్టించాడు, ఒకామె పేరు లోరూహామా అంటే జాలి దొరకనిది అని, ఒకడి పేరు లోఅమ్మీ అంటే నా జనం కాదు అని. అంటే ఇశ్రాయేలు మీద ఉన్న బాకీ పిల్లల్ని పిలిచినప్పుడల్లా వీధిలో వినపడేదన్నమాట, నువ్వు కూడా అంత గట్టిగా ఎప్పుడూ రాయలేదు. మీ భక్తి పొద్దున్నే ఇగిరిపోయే మంచు లాంటిది అని మొహం మీదే అన్నాడు, నా రెండు నిమిషాల ప్రార్థన గురించే అన్నట్టు తగిలింది నాకైతే. కానీ రెండో అధ్యాయం చివరికొచ్చేసరికి నా జనం కాదు అన్నవాళ్ళనే మీరు నా జనం అంటాడు. పదకొండో అధ్యాయంలో అయితే ఎఫ్రాయిమూ (అంటే ఇశ్రాయేలే) నిన్నెట్లా విడిచిపెట్టేది అని ఆయనే అల్లాడిపోతాడు. జనం మాత్రం మారలేదు, క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో వాళ్ళ రాజధాని షోమ్రోను అష్షూరు (అస్సీరియా) రాజ్యం చేతికి పోయింది. వాళ్ళు అట్లా అవుతారని తెలిసీ ఆ మాట అన్నాడు చూడు, అక్కడే నాకు నోట మాట రాలేదు.

నీ బంధువులు కూడా బైబిల్లో చాలామందే ఉన్నారు. యేసు చెప్పిన కథలో పదివేల తలాంతుల అప్పు మాఫీ అయినవాడు గుర్తున్నాడా? ఒక తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి, అంటే ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్ళు కట్టాలి. అంత బాకీ పోయిందని బయటకొచ్చి, నూరు దేనారాలు ఇవ్వాల్సినవాడు ఎదురైతే వాడి గొంతు పట్టుకున్నాడు. మొన్నటిదాకా ఎంత పిచ్చోడో అని నవ్వేవాణ్ణి, ఆ చెయ్యి నాదేనని అప్పట్లో తట్టలేదు. ఆయనే చెప్పిన ఇంకో కథలో, తప్పిపోయిన కుమారుడి అన్న సంగతి సరే సరి. తమ్ముడు ఆస్తి తగలేశాడని మాత్రమే కథలో ముందు చెప్పింది, వేశ్యల సంగతి ఎత్తింది అన్నే. ఎవరు చెప్పారు ఆయనకి? నీలాంటి చిట్టానే చెప్పుంటుంది, పొలంలో పని చేస్తూ చేస్తూ ఖాళీ గడులు తనే నింపుకుని ఉంటాడు.

ఒకటి ఒప్పుకుంటా, క్షమించడం అంటే కొట్టేవాడి ముందు వెళ్ళి నిలబడటం కాదు, హోషేయ కూడా ఆమెని తీసుకొచ్చాక చాలా రోజులు ఇట్లాగే ఉండాలి అని చెప్పాడు, అంతా ఒక్క రోజులో సర్దుకున్నట్టు నటించలేదు. కాబట్టి జాగ్రత్త కోసమే ఉన్నాను అని నువ్వు వాదిస్తే వింటాను. కానీ ఆ ఫ్రెండ్ నాకిప్పుడు ఏ ప్రమాదమూ కాదు కదా, పదకొండేళ్ళుగా వాడి పేజీ తిప్పుతున్నది జాగ్రత్త కోసమా, రుచి కోసమా?

మన మీద ఉన్న బాకీ పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకి కొట్టేశాడని కొలస్సయులకి రాసిన పత్రికలో ఉంది. నా పత్రం మీద మేకు దిగిన చోటు చూస్తూ ఆమెన్ అంటాను, అదే చేత్తో నిన్ను చంకలో పెట్టుకుంటాను.

అందుకే మొన్న రాత్రి ధైర్యం చేసి ఆ ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టాను, పాతవన్నీ మర్చిపోదాంరా అని. వాడు "ఏ పాతవి?" అన్నాడు. వాడికి గుర్తే లేదు! పదకొండేళ్ళు ఒంటిచేత్తో మోసుకొచ్చానే, కనీసం ఒక సారీ అన్నా చెప్పొద్దూ? సరేలే, క్షమించేశాను. నువ్వు మాత్రం ఒక పని చెయ్యి, క్షమించినట్టు తారీఖు వేసి ఆ పేజీలోనే ఒక మూల రాసి పెట్టు, వాడు మళ్ళీ ఏదైనా చేస్తే చూపించడానికి ఉంటుంది.

ఇట్లు,
నీ పాత ఖాతాదారుడు