పాత కుండీ మట్టి గారికి

అయ్యా,

పంట అయిపోయింది. టమాటా మొక్క మధ్యాహ్నం తల వాల్చి, సాయంత్రానికి కాస్త తేరుకుంటూ, చివరికి నిలువునా ఎండిపోయింది. తమరు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అదే కుండీలో కూర్చున్నారు. నల్లటి రంగు, కమ్మటి వాసన, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలే తీరు! ఎవరైనా నమ్మేస్తారు.

ఆ మొక్క కాండాన్ని మొదట్లో నిలువుగా చీలిస్తేనే తమరి సంగతి బయటపడేది. తొక్క కింద గోధుమరంగు చార ఉంటే ఫ్యుజేరియమో వెర్టిసిలియమో అనే శిలీంధ్రం చేరినట్టే అనుకోవాలి. కోసిన ముక్కను గాజుగ్లాసు నీళ్లలో వేలాడదీస్తే కాసేపటికి పాలలాంటి సన్నటి ధార కిందికి జారిందా, అది బ్యాక్టీరియా ఎండు తెగులు. వేళ్ల నిండా బొడిపెలుంటే నులిపురుగులు. తమరింట అతిథులకు కొదవేముంది? వచ్చినవాళ్లు వెళ్లే మాటే ఎత్తరు. ఫ్యుజేరియం మందపాటి గోడల బీజాలుగా మారి, మొక్క లేకపోయినా ఏళ్ల తరబడి పడి ఉంటుంది. వెర్టిసిలియం 10 ఏళ్లు దాటినా కదలదు. క్యాబేజీ కుటుంబానికి పట్టే క్లబ్‌రూట్ అనే వేరు తెగులు బీజాలైతే 20 ఏళ్ల దాకా ఉండొచ్చు.

మరి తోటవాళ్లు? గుప్పెడు కొత్త కంపోస్ట్ కలిపి “రీఛార్జ్ అయింది” అంటారు. అయింది, పోషకాల వరకు. లోపలివాళ్లు ఎక్కడివాళ్లక్కడే.

అలాగని ప్రతి నేరమూ తమరి నెత్తిన రుద్దడం అన్యాయం. బూడిద తెగులుకు బతికున్న ఆకు కావాలి, తమరితో దానికి పెద్దగా పనిలేదు. టమాటాను కుళ్లబెట్టే లేట్ బ్లైట్ కూడా మామూలుగా బతికున్న కణజాలం మీదే బతుకుతుంది. ఏ మూలనో మిగిలిన బంగాళదుంప ముక్క దొరికితే మాత్రం అందులో తలదాచుకుంటుంది. ఆ ముక్కలు ఏరేస్తే తమరు దాదాపు నిర్దోషులు. అయినా కొందరు కంగారులో తమరిని మొత్తంగా చెత్తబుట్ట పాలు చేస్తారు. పాపం!

నిజంగా దోషులైతే వైద్యం ఉంది. తడిపి, పలచగా పరిచి, పారదర్శక ప్లాస్టిక్ షీట్ బిగించి మండుటెండలో 4 నుంచి 6 వారాలు. నల్ల షీటుకు అంత వేడి దిగదు. ఓవెన్‌లో మట్టే 82 డిగ్రీలకు చేరాక 30 నిమిషాలు ఉంచే పద్ధతీ ఉంది. ఆ వాసనకు ఇంట్లోవాళ్లు ఏమంటారో, ఆ టెన్షన్ తమరికెందుకు?

ఇక ఉత్తర్వు. టమాటా ఫ్యుజేరియానికి టమాటాయే కావాలి కాబట్టి, అది తేలితే తమరిని బంతిపూల కుండీలకు బదిలీ చేస్తున్నాం. వెర్టిసిలియానికీ, బ్యాక్టీరియా ఎండు తెగులుకూ అలాంటి మొహమాటం లేదు, దొరికిన మొక్కల్లో చాలావాటిని పట్టుకుంటాయి. అవి తేలితే బదిలీ రద్దు, నేరుగా ఎండకే. ఏది తేలినా నారు ట్రేల దరిదాపులకు రావద్దు. నారుకుళ్లు వాళ్లు కూడా తమరి దగ్గరే దిగుతారని తెలిసింది.

ఇట్లు,
కొత్త మట్టి కొనడానికి మనసొప్పని తోటవాడు