అడ్డా మీద ఇంజనీరు

బెంగళూరులో పొద్దున ఏడింటికి ఏదో ఒక కూడలి దగ్గర టిఫిన్ క్యారియర్లు, తాపీలు పట్టుకుని కొందరు నిలబడి ఉంటారు. ఎవరైనా బండి ఆపి "మేస్త్రి కావాలి" అంటే చాలు, బేరం మొదలు. రోజుకెంత, మధ్యాహ్నం భోజనం ఎవరిది, ఛార్జీలు ఎవరివి, ఆరు దాటితే ఎంత, డబ్బు చేతిలో ఎప్పుడు పడుతుంది? రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అదే కూడలి మీదుగా క్యాబ్‌లో టెక్ పార్కుకు పోయే మనవాడికి పదకొండేళ్ల అనుభవం, జావా, రెండు క్లౌడ్ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఈ ఐదు ప్రశ్నలు మాత్రం రావు. నెలాఖరుకి జీతం దానంతటదే పడేవాడికి బేరమాడే నోరు ఎప్పుడో మూతపడిపోతుంది.

మనవాడంటే ఫలానా అని కాదు. మారతహళ్లి మెస్సుల్లో ఏ బల్ల దగ్గర చూసినా ఒకడుంటాడు. పప్పులో నెయ్యి వేయించుకుంటూ "కాంట్రాక్టులో అయితే డబుల్ అంట మామా" అంటుంటాడు. ఆ "అంట" దగ్గరే కథ మొదలు.

ముందుగా నాన్నగారి ఫోను. "కాంట్రాక్టరువా? ఏం చేస్తావురా, రోడ్లేస్తావా?" పెద్దాయన తప్పేం లేదు. ఊళ్లో కాంట్రాక్టు లెక్చరర్లు పర్మినెంటు చేయండి మహాప్రభో అని టెంటు వేసుకుని కూర్చుంటే, కొడుకేమో పర్మినెంటు వదిలి కాంట్రాక్టు కావాలంటున్నాడు. సాయంత్రానికి చుట్టాల్లో "పాపం, ఉద్యోగం ఊడిందంట" అని పాకిపోతుంది. దానికి మందు లేదు, వదిలేద్దాం.

మొదటి దెబ్బ నోటీసు పీరియడ్, అంటే రాజీనామా చేశాక కూడా పనిచేయాల్సిన గడువు దగ్గర తగులుతుంది. ఇక్కడి ఐటీ కంపెనీల్లో చాలావాటికి అది 90 రోజులు. కాంట్రాక్టు పని ఇచ్చేవాళ్లకు మనిషి పదిహేను రోజుల్లో కావాలి. రాజీనామా చేయనిదే వాళ్లు పలకరు, పని దొరకనిదే మనవాడు రాజీనామా చేయడు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. మనవాడు దీనికి ఉపాయం కనిపెట్టాడు. రాజీనామా చేయకుండానే ప్రొఫైల్లో "ఇమ్మీడియట్ జాయినర్" అని పెట్టేశాడు. మనసులో ఎప్పుడో మానేశాడు కదా అని వాడి లెక్క. మధ్యాహ్నానికి ఫోను వేడెక్కి కాలిపోతోంది. అందరిదీ ఒకటే ప్రశ్న: "రిజిగ్నేషన్ యాక్సెప్టెన్స్ మెయిల్ పంపండి సర్." లేదు. అక్కడితో సగం మంది అతని నంబరు పక్కన ఏదో రాసుకున్నారు.

సరైన దారి కాస్త నీరసమైనదే. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకుని రాజీనామా కాగితం పడేయాలి. చివరి పనిదినం తేదీని ప్రొఫైల్లో ఉన్నదున్నట్టు రాయాలి. అసలు ఫోన్లు ఆఖరి ముప్పై రోజుల్లోనే వస్తాయి. నోటీసును డబ్బు కట్టి తగ్గించుకోవాలంటే, కోత బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్లో ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యాన్ని అందరూ కాగితం పడేశాకే చదువుతారు. కంపెనీలో ఐదేళ్లు నిండటానికి ఎన్నాళ్లుందో కూడా చూసుకోవాలి. అప్పుడే గ్రాట్యుటీ వస్తుంది. దాని లెక్కకు తీసుకునే చివరి నెల వేతనంలో 26వ వంతును 15తో, ఆపైన ఏళ్లతో హెచ్చించడం. ఆ వేతనం 80,000 అయితే ఐదేళ్లకు 2,30,769 రూపాయలు. మనవాడు నాలుగేళ్ల ఏడు నెలల దగ్గర, మంచి ముహూర్తం చూసుకుని మరీ కాగితం పడేశాడు.

ఇక అసలు ఘట్టం. కన్సల్టెన్సీ అమ్మాయి ఫోను చేసి "రేటు పర్ అవర్ చెప్పండి సర్" అంది. మనవాడి సీటీసీ, అంటే అతని మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు, 24 లక్షలు. క్యాలిక్యులేటర్ తీశాడు. 365తో భాగించాడు, మళ్లీ 24తో భాగించాడు. "274 రూపాయలమ్మా." అవతల ఒక క్షణం నిశ్శబ్దం. "ఓకే సర్, డన్ సర్, ఇప్పుడే మెయిల్ పెడతా, కన్‌ఫర్మ్ అని రిప్లై ఇవ్వండి." ఆ గొంతులో పొంగిన ఆనందం చూసి, తన రెజ్యూమే అంత బాగుంది కాబోలనుకున్నాడు.

జరిగిందేమిటంటే, నిద్రపోయే గంటలకూ, ఆదివారం బిర్యానీకీ, సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర కూర్చున్న సమయానికీ కలిపి జీతాన్ని సమంగా పంచేశాడు. కాంట్రాక్టులో బిల్లయ్యేది కూర్చుని పనిచేసిన ఎనిమిది గంటలే. రోజుకు 2,192. అడ్డా మీద మేస్త్రి వింటే జాలిపడి టీ తాగిస్తాడు.

లెక్క ఇలా వేయాలి. 365లో శని ఆదివారాలు 104 పోతే 261. పండగ సెలవులు పది తీస్తే 251. జ్వరాలకు, ఊళ్లో పెళ్లిళ్లకు పద్దెనిమిది రోజులు. కాంట్రాక్టులో సెలవంటే ఆ రోజు డబ్బుల్లేవని అర్థం. మిగిలింది 233. ఒక కాంట్రాక్టు అయ్యి ఇంకోటి దొరికేదాకా ఖాళీ కనీసం నెల, అంటే ఇరవై మూడు పనిదినాలు. చేతిలో మిగిలేవి 210 రోజులు. 24 లక్షలను 210తో భాగిస్తే రోజుకు 11,428 చిల్లర, గంటకు 1,430 దాకా. భాగించేటప్పుడు పైన వేసేది కూడా సీటీసీనే కావాలి, చేతికొచ్చే జీతం కాదు. ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన పీఎఫ్ వాటా ఇక మన జేబులోంచే పోవాలి మరి. ఇది పాత జీతంతో సమానం, అంతే. లాప్‌టాప్, ఇన్సూరెన్సు, ఆడిటర్ ఫీజు దీనిపైన వేసుకోవాలి. మనవాడికి చివరికి 11,500 దొరికింది గానీ, పదిహేను శాతం పైన అడిగి అక్కడికి దిగుంటే గౌరవంగా ఉండేది.

మధ్యలో జరిగిన గొడవ కూడా చెప్పాలి. తప్పు తెలిశాక తిరిగి ఫోను చేస్తే "మెయిల్లో కన్‌ఫర్మ్ చేశారు కదా సర్" అంది ఆ అమ్మాయి. ఆ మెయిలు పేరు ఆర్‌టీఆర్, అంటే ఫలానా క్లయింటుకు నా తరఫున మీరే రెజ్యూమే పంపండి అని ఇచ్చే హక్కు. మూడు రోజులకు ఇంకో వెండార్, అంటే ఇలా మనుషుల్ని కుదిర్చే మరో కన్సల్టెన్సీవాడు, అదే ఉద్యోగ వివరణ పంపాడు. అచ్చుతప్పు సహా అదే. మనవాడు ఈసారి తెలివిగా 1,450 అన్నాడు, మళ్లీ కన్‌ఫర్మ్ కొట్టాడు. క్లయింటు దగ్గరికి ఒకే మనిషి రెండు దారుల్లో, 274కీ 1,450కీ వచ్చి నిలబడ్డాడు. ఇద్దరు వెండార్లు కొట్టుకునే చోట క్లయింటు రెండు రెజ్యూమేలూ పక్కన పడేస్తాడు, అదే జరిగింది. క్లయింటు పేరడిగితే "టాప్ బ్యాంకు సర్" అని దాటేసేవాళ్లకు కన్‌ఫర్మ్ ఇవ్వకూడదు. పేరు, వెండారు, తేదీ, చెప్పిన రేటు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే సరిపోయేది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చాలు.

ఫోన్లోనే అడగాల్సింది మరొకటుంది: వెండారు పేరోల్ మీదా, సొంత బిల్లు మీదా? పేరోలైతే పీఎఫ్, పేస్లిప్పు ఉంటాయి, కాంట్రాక్టు పేరున్న ఉద్యోగమే అది. సొంత బిల్లైతే ప్రతి బిల్లులో టీడీఎస్ అని ఆదాయపు పన్ను కింద కొంత ముందే పట్టుకుని మిగతాది ఇస్తారు. రేటు జీఎస్టీతో కలిపా, విడిగానా అనీ అడగాలి. కలిపి అంటే 11,500 కాస్తా 9,746 అవుతుంది.

జీఎస్టీ అనేసరికి కథ ఇంటి ఓనరు గుమ్మంలోకి వచ్చింది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. రోజుకు 11,500 అంటే 174వ రోజున గీత దాటుతుంది. క్లయింటేమో మొదటి రోజే నంబరడిగాడు. అద్దె ఇంటి చిరునామా మీద తీసుకోవాలంటే అగ్రిమెంటు, కరెంటు బిల్లు, ఓనరు అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం కావాలి. ఓనరుగారు తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగాయన.

"ఏమప్పా, ఇంట్లో కంపెనీ పెడతావా?"

"లేదు సార్, నేనొక్కణ్ణే."

"ఒక్కడివే అయితే కంపెనీ ఎందుకప్పా?"

"కంపెనీ కాదు సార్, నంబరు."

"నంబరొస్తే బెస్కాంవాళ్లొచ్చి కమర్షియల్ మీటరు పెడితే?"

"నాకున్నది ఒక లాప్‌టాప్ సార్."

"అద్దె ఎట్ల కడతావు? జీతం ఉందా లేదా?"

జీతం లేదు, రాబడి ఉంది అని చెప్పబోయి ఆగాడు మనవాడు. అక్కడ అది చాలా ప్రమాదకరమైన వాక్యం. ఆఖరికి "ఆఫీసుకు పోకుండా ఇంట్లోంచే ఆఫీసు" అన్నాడు. ఆయనకది కరోనా నాటి నుంచి తెలిసిన మాట. సంతకం పడింది. మూడు నెలల అద్దె ముందుగా ఇచ్చాక.

ఇన్సూరెన్సు సంగతి క్లుప్తంగా. కంపెనీ పాలసీ చివరి పనిదినంతో పోతుంది. దాన్ని సొంత పాలసీగా మార్చుకునే వీలుంటే 45 రోజుల ముందు నుంచే అడగడం మంచిది. కొత్తది తీసుకుంటే ప్రమాదాలకు తప్ప మొదటి ముప్పై రోజులు ఏమీ రాదు, అమ్మగారి షుగరు లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. మనవాడికివన్నీ తల మీదుగా పోయాయి.

జూన్ 2న పనిలో చేరాడు. ఆ నెలలో 21 పనిదినాలు, 2,41,500. పైన 18 శాతం జీఎస్టీ 43,470. జూలై 1న బిల్లు పంపాడు. టైంషీటు, అంటే పనిచేసిన గంటల చిట్టా, ఆమోదించాల్సిన మేనేజరు కూర్గ్‌లో ఉన్నాడు. 7న వచ్చి నొక్కాడు. ఒప్పందంలో "నెట్ 45" అని ఉంది. దాని అర్థం నికర జీతం అనుకుని మురిసిపోయాడు మనవాడు. ఆమోదం పడ్డ రోజు నుంచి 45 రోజులకు డబ్బులిస్తారని దానర్థం, అంటే ఆగస్టు 21. పాత కంపెనీవాడు మే జీతం ఫుల్ అండ్ ఫైనల్, అంటే చివరి లెక్కలన్నీ తేలాకే ఇస్తామని ఆపి పెట్టాడు. ఏప్రిల్ 30 తర్వాత చేతిలో పడ్డ రూపాయి లేదు. నాలుగో అద్దె కట్టే దగ్గర ఓనరుగారి చూపు మారింది.

వీటిని మించింది ఇంకోటి. బిల్లు తేదీ జూలై కాబట్టి ఆ జీఎస్టీ ఆగస్టు 20 లోపు కట్టాలి. క్లయింటు డబ్బిచ్చేది 21న. రాని డబ్బు మీద పన్ను, ఒక రోజు ముందు, స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుని కట్టాడు.

ఆ 20వ తేదీ సాయంత్రమే కింద ఓనరుగారి గోడ పగులుకు పూత పని అయిపోయింది. అనంతపురం వైపు మేస్త్రి తాపీ కడిగి, చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. ఓనరమ్మగారు లోపల్నుంచి నోట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చి చేతిలో పెట్టింది. టైంషీటు లేదు, పోర్టల్ లేదు. బాల్కనీలోంచి చూస్తున్న మనవాడు ఉండబట్టలేక అడిగాడు.

"అన్నా, నీది నెట్ ఎంత?"

"నెట్టా? పగులుకు జాలీ కొట్టే పూసినా అన్నా. ఇంక కదలదు."