సవరణ: ఫైలిన్ నాటి తుపాను ఆశ్రయాలను కట్టించింది ఎవరు?

1999 పెనుతుపానులో ఒడిశాలో దాదాపు 10 వేల మంది మరణించగా, 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌లో మృతుల సంఖ్య 50కి లోపే ఉండటానికి ప్రైవేటు సంస్థలు కట్టించిన ఆశ్రయ భవనాలే కారణమని, విపత్తుల్లో ప్రభుత్వం కంటే అవే సమర్థమైనవని గత వారం రాశాను. అది తప్పు, విన్నమాటను సరిచూసుకోకుండా రాశాను.

ఫైలిన్ తరువాత రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు కలిసి వెలువరించిన నష్ట అంచనా నివేదికను, విపత్తు నిర్వహణ సంస్థ ప్రచురణలను ఇప్పుడు చదివాను. ఆ ఆశ్రయాల్లో అత్యధికం ప్రభుత్వ నిధులతోనో ప్రపంచ బ్యాంకు రుణంతోనో కట్టినవి; కొన్ని రెడ్‌క్రాస్ ద్వారా వచ్చాయి. అయితే భవనం ఉన్నంత మాత్రాన ప్రాణం దక్కదు. వాతావరణ శాఖ ముందుగానే ఇచ్చిన హెచ్చరికను అందుకుని, తుపాను తీరం దాటకముందే దాదాపు 10 లక్షల మందిని, అందులో గంజాం తీరాన తెలుగు మాట్లాడే మన మత్స్యకార కుటుంబాలను కూడా, ఇల్లూ వలా వదిలి కదిలేలా ఒప్పించినది జిల్లా యంత్రాంగం, గ్రామ స్థాయి సిబ్బంది, వాలంటీర్లు. 1999 అనుభవంతోనే రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, ఆ తరువాత 2001లో ప్రత్యేక సహాయక దళం ఏర్పడ్డాయి.

తుపాను వెలిసిన తరువాత స్వచ్ఛంద సంస్థలు, వ్యాపారులు అందించిన తోడ్పాటు గురించి రాసిన భాగంలో మార్పు లేదు. పాత టపాలో తప్పు వాక్యాన్ని తొలగించాను.