పెద్దబావ షష్టిపూర్తిలో జలగ

మా రెండో అప్ప కూతురు జలగల మీద పీహెచ్‌డీ చేస్తోందంటే చీపురుపల్లి చుట్టాలు ముందు జాలిపడ్డారు, తరవాత అలవాటు పడిపోయారు. గేదెలు పడుకునే చెరువులో మోకాళ్ళ దాకా దిగి నిలబడితే జలగే వచ్చి పట్టుకుంటుంది కదా, వల కొనక్కర్లేదు, గేలం కొనక్కర్లేదు, ఖర్చు లేని చదువు అని మా అప్ప అందరికీ చెప్పుకునేది. అసలు ఆ పిల్ల చూసేది జలగని కాదు, దాని కడుపులో వీర్యకణం ఎలా తయారవుతుందో దాన్ని. ఈ మాట సంబంధాలవాళ్ళ ముందు అనలేక 'మైక్రోస్కోపు లైన్లో ఉందండీ' అంటుంది మా అప్ప.

ఆ పిల్లకి శ్రీకాకుళంలో సెమినార్, మా పెద్దబావకి చీపురుపల్లిలో షష్టిపూర్తి, రెండూ ఒకే రోజు పడ్డాయి. విజయనగరంలో ఉండేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి దాని పోస్టరూ, బావ ఫ్లెక్సీ రెండూ నా నెత్తిన పడ్డాయి. రెండూ మూడడుగులు బై నాలుగడుగులే. గంటస్తంభం దగ్గర షాపులో కుర్రాడు రెండింటినీ పేపర్లో చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, ఒకదాని మీద 'సెమినార్', ఇంకోదాని మీద 'షష్టిపూర్తి' అని స్కెచ్ పెన్నుతో రాసి మరీ ఇచ్చాడు. రాయడం తారుమారుగా రాశాడు. అంత శ్రద్ధగా పేరు రాసిచ్చినవాణ్ణి అనుమానించి విప్పి చూసేదెవరు?

షామియానా కుర్రాళ్ళు చీకటుండగానే గేటుకి కట్టేశారట. నేను వెళ్ళేసరికి దాని ముందు పాతికమంది, మధ్యలో పట్టుపంచెలో పెద్దబావ. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "కలర్‌కి డబ్బులు తీసుకుని బ్లాక్ అండ్ వైట్ కొట్టాడేటిరా?" ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో రంగులుండవు బావా, అది కాంతితో చూసేది కాదు, ఎలక్ట్రాన్లతో చూసేది అని ఆ సమయంలో ఎలా చెప్పను? "నా ఫొటో ఏదిరా?" అన్నది రెండో మాట. దానికీ జవాబు లేదు.

పైన ఇంగ్లీషులో బారెడు హెడ్డింగు, కింద మూడు బొమ్మలు. మొదటి బొమ్మలో మధ్యన ఓ ముద్ద, దాని చుట్టూ గుండ్రటి కణాలు అతుక్కుని ఉన్నాయి. జలగలో వీర్యకణాలు విడివిడిగా పెరగవట, గుంపంతా ఓ ఉమ్మడి ముద్దకి అంటుకుని తిత్తిలో ద్రవంలో తేలుతూ పెరిగి, తోకలొచ్చాక విడిపోతాయట. మా పెదనాన్న కొడుకు దాన్ని తేరిపార చూసి, బావ చెవిలో కాదు, మైకు పట్టుకున్నవాడి పక్కనే నిలబడి, "బావకి కిడ్నీలో ఇన్ని రాళ్ళున్నట్టు మాకెవరూ చెప్పలేదే" అన్నాడు. అంతే, మా పెద్దప్ప ఏడుపు లంకించుకుంది. అరవయ్యేళ్ళు నిండిన రోజున స్కానింగ్ రిపోర్టు గేటుకి కట్టడమేంటని ఆవిడ బాధ. న్యాయమే.

ఇక లాభం లేదని ఊళ్ళో రిటైరైన సైన్సు మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ముందుకొచ్చారు. హెడ్డింగు గట్టిగా చదవడం మొదలెట్టారు. "స్పెర్మా..." దగ్గర ఆగిపోయారు. వెనక చూస్తే ఆడవాళ్ళంతా హారతి పళ్ళేలతో నిలబడి ఉన్నారు. ఓసారి దగ్గి, గొంతు సర్దుకుని, "ఇది వంశాభివృద్ధికి సంబంధించిందమ్మా" అన్నారు. అబద్ధమని ఎవరైనా అనగలరా! పెద్దప్ప కళ్ళు తుడుచుకుంది.

మూడో బొమ్మ దగ్గరికొచ్చేసరికి పంతులుగారు హోమం సామాను వదిలేసి మరీ వచ్చారు. అది వీర్యకణం తోకని అడ్డంగా కోసిన బొమ్మ. ఆ కోత గురించి మా మేనకోడలు ఓసారి అన్నం తినకుండా చెప్పింది: ముక్కని మందుల్లో నానబెట్టి, రెసిన్‌లో గట్టిపరిచి, వెంట్రుక మందంలో వెయ్యో వంతు పలచనగా కోసి, నీళ్ళ మీద తేల్చి, 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడ బిళ్ళ మీదికి ఎత్తాలి. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది, మళ్ళీ మొదట్నుంచీ. అంత కష్టపడి తీసిన బొమ్మలో గుండ్రంగా 9 జతల గొట్టాలు, నట్టనడుమ 2. పంతులుగారు వేలుపెట్టి లెక్కపెట్టి, "చుట్టూ నవగ్రహాలు, మధ్యన దంపతులు. ఎవరు గీశారో గానీ శాస్త్రం తెలిసినవాడు" అని తేల్చేశారు. దాంతో బావ ఛాతీ విరుచుకున్నాడు. "ఎవరో కాదు, మా పిల్లే!"

ఇంతలో ఆ పిల్లే ఫోను. "మావయ్యా, ఇక్కడ పెదనాన్న వచ్చారు" అంది, అదోలాంటి గొంతుతో. పోస్టరు విప్పితే గులాబీల దండతో, చేతులు జోడించి, 'విచ్చేయుచున్న బంధుమిత్రులకు స్వాగతం సుస్వాగతం' అంటూ పెద్దబావ ప్రత్యక్షమయ్యాడట. మార్కులేసే ప్రొఫెసరొకాయన భక్తిగా చూసి, "మీ గైడా అమ్మా?" అని అడిగారట. ఇది ఏమీ తడుముకోకుండా ఆయన పక్కనే నిలబడి, ఒక్కో జలగలో ఆడా మగా రెండూ ఉంటాయనీ, మగ తిత్తులు మామూలుగా 11 జతలుంటాయనీ నోటితోనే చెబుతోంది. వెనక పెదనాన్న నమస్కారం పెడుతూనే ఉన్నాడు.

"వెంటనే అక్కడున్న నా పోస్టరు ఫొటో తీసి పంపు, ఫోన్లో చూపించుకుంటాను, ఎవరూ అడ్డం లేకుండా తియ్యి" అంది. ఎవరూ అడ్డం లేకుండానా! చీపురుపల్లిలో సగం ఊరు దాని ముందు సెల్ఫీలకి క్యూ కట్టి ఉంది. చివరికి దొరికిన ఫొటోలో మొదటి బొమ్మకి మా పెద్దప్ప తల, రెండో బొమ్మకి వీడియోవాడి లైటు అడ్డం. మూడోది మాత్రం పూర్తిగా వచ్చింది, కుంకుమ బొట్టుతో సహా. పంతులుగారు పెట్టారు.

భోజనాలయ్యాక ఆయన నన్ను పక్కకి పిలిచి, శ్రావణంలో ఇంకో షష్టిపూర్తి ఉంది, ఆ చక్రం ఒక్కటీ పెద్ద సైజులో కొట్టించిపెట్టండి బాబూ అన్నారు. మేనకోడల్ని అడిగాను. "ఇవ్వు గానీ, కింద 200 నానోమీటర్ల కొలత గీత చెరిపెయ్యొద్దని చెప్పు మావయ్యా" అంది.