కాబ్ కౌంటీ స్టిక్కర్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బయాలజీ పుస్తకం స్టిక్కర్ గారికి నమస్కరించి రాయునది.

ఉత్తరం మొదట్లో క్షేమసమాచారాలు అడగడం మా ఆనవాయితీ. కానీ మీ క్షేమం సంగతి నాకు తెలుసు. 2005 మే నెలలో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, కాబ్ కౌంటీ స్కూళ్ళ వాళ్ళు మిమ్మల్ని దాదాపు 35 వేల పుస్తకాల్లోంచి గీకి పారేశారు. అయినా మీ ఆత్మ ఇంకా తిరుగుతోంది కాబట్టే ఈ ఉత్తరం.

ముందుగా మీ పొదుపుకి జోహార్లు. ఇంగ్లీషులో మొత్తం 33 మాటలు. ఈ పుస్తకంలో జీవపరిణామం గురించి ఉంది, అది సిద్ధాంతమే తప్ప వాస్తవం కాదు, ఓపెన్ మైండ్‌తో, జాగ్రత్తగా, విమర్శనాత్మకంగా చదవండి. అంతే. దేవుడి పేరు లేదు, బైబిల్ ఊసు లేదు. ప్రాణుల్ని దేవుడే చేశాడనే సృష్టివాదాన్ని సైన్స్ క్లాసులో చెప్పించబోయిన లూసియానా చట్టాన్ని, ప్రభుత్వ బళ్ళో మతబోధ కుదరదని 1987లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పట్నించీ మీ వంశం వాళ్ళు దేవుణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి క్లాసులోకి రావడం నేర్చుకున్నారు. ఎంత మర్యాద!

అసలు మీరు పుట్టిందే మొహమాటంలోంచి. 2002లో జిల్లా బోర్డు కొత్త పుస్తకాలు కొంది. పరిణామం గురించి అందులో వివరంగా, చక్కగా రాశారు. అదే చిక్కు. అది గిట్టని సుమారు 2,300 మంది సంతకాలు పెట్టి గోల చేశారు. పుస్తకం వదులుకోలేక, ఓట్లేసేవాళ్ళని కాదనలేక, ముద్దొచ్చే బిడ్డకి దిష్టిచుక్క పెట్టినట్టు మిమ్మల్ని పెట్టారు. ఆ పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరైన కెన్నెత్ మిల్లర్ భక్తిగల కాథలిక్కు. మీ మీద కేసు పడితే, కోర్టుకొచ్చి మీకు వ్యతిరేకంగానే సాక్ష్యం చెప్పాడు. ఆయన దేవుడికి మీ కాపలా అక్కర్లేకపోయింది మరి.

ఓపెన్ మైండ్ మంచిదే, కాదనను. కానీ ప్రాణులన్నీ కణాలతో తయారయ్యాయన్నదీ సిద్ధాంతమే. సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయన్నదీ సిద్ధాంతమే. వాటి దగ్గర నోరు మెదపలేదేం? స్కూలు బాత్రూంలో 'చేతులు కడుక్కోండి' బోర్డు కింద 'ఇది సిద్ధాంతం మాత్రమే, ఆలోచించి కడుక్కోండి' అని మీ చెల్లెల్ని ఎందుకు అంటించలేదు? ఇంత లావు పుస్తకంలో అనుమానం అక్కడొక్కచోటే ఎందుకు పుట్టింది?

మీ కేసు విన్న జడ్జి క్లారెన్స్ కూపర్‌కి కూడా ఇదే అనుమానం వచ్చింది. 2005 జనవరి 13 తీర్పులో ఆయన బోర్డు ఉద్దేశాన్ని తప్పు పట్టలేదు, పాపం. చూసినవాళ్ళకి బోర్డు ఫలానా మతవిశ్వాసం వైపుందని అనిపిస్తుంది, అది చాలు తీసెయ్యడానికి అన్నాడు. 2006లో పైకోర్టు, రికార్డులు సరిగా లేవు, కేసు మళ్ళీ చూడమంది. అప్పుడు మీకు ప్రాణం లేచొచ్చి ఉంటుంది. కానీ ఆ డిసెంబర్‌లో బోర్డే రాజీకొచ్చింది: ఇక అంటించం, అవతలివాళ్ళ లాయర్ల ఖర్చు కింద 1,66,659 డాలర్లు ఇస్తాం అని. లెక్కేస్తే ఒక్కో స్టిక్కర్‌కి ఐదు డాలర్ల దాకా పడింది.

పెన్సిల్వేనియాలో, డోవర్ స్కూళ్ళలో ఉండిన మీ తమ్ముడు అంటుకునే రకం కాదు, చదివించుకునే రకం: బయాలజీ క్లాసులో వినిపించాల్సిన ఒక ప్రకటన. ప్రాణుల శరీరాలు ఇంత చిక్కగా అల్లుకుని ఉన్నాయంటే ఎవరో తెలివైనవారు వేసిన ప్లానే అయ్యుండాలి, ఎవరన్నది మాత్రం అడక్కండి అనే ఇంటెలిజెంట్ డిజైన్‌కి అతను ప్రచారకుడు. టీచర్లని చదవమంటే, మేం చదవం అన్నారు. అధికారులే క్లాసుకొచ్చి చదివిపోయారు. కోర్టులో ఆ పక్షం పెద్ద సాక్షి మైకేల్ బీహీ, తన నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా సైంటిఫిక్ థియరీ కిందకే వస్తుందని ఒప్పుకున్నాడు. అధ్యక్షుడు బుష్ నియమించిన జడ్జి జోన్స్, 2005 డిసెంబర్‌లో 139 పేజీలు రాసి, ఇది సైన్స్ కాదని తేల్చాడు.

బీహీ గారు పొరపాటున అక్కడ పుట్టారు. హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీని స్థాపించిన పుష్ప భార్గవ, యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులేమిటని యూజీసీ మీద కోర్టుకెళ్తే, 2004లో మన సుప్రీంకోర్టులో కూడా ఓడిపోయాడు. ఇక్కడైతే బీహీ గారికి ఏకంగా డిపార్టుమెంటే ఇచ్చేవాళ్ళం.

మిమ్మల్ని నాలుగు తిట్టాలనే మొదలుపెట్టాను. రాస్తున్నకొద్దీ గౌరవం పెరుగుతోంది. ఎందుకంటే స్కూలు పుస్తకాలు వేసే మా ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతిలో 'అనువంశికత, పరిణామం' అనే పాఠాన్ని ఉత్త 'అనువంశికత' చేసేసింది. కోవిడ్ రోజుల్లో పిల్లలకి భారం తగ్గించాలట. బయట వైరస్ డెల్టా నుంచి ఒమిక్రాన్ దాకా వేషాలు మారుస్తుంటే, లోపల ఆ మార్పు ఎలా జరుగుతుందో చెప్పే పాఠం భారమైపోయింది! కోవిడ్ తగ్గాక కూడా 2023లో కొత్త పుస్తకాలు అది లేకుండానే వచ్చాయి. 1,800 మందికి పైగా సైంటిస్టులు, టీచర్లు సంతకాలు పెడితే, పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అన్నారు. నిజమే, ఎంపీసీ పిల్లలకి డార్విన్‌తో ఏం పని? జేఈఈలో ఆయన మీద ఒక్క మార్కు కూడా రాదు.

మీరు నయం. జాగ్రత్తగా చదవమనైనా అన్నారు. మీ వాళ్ళెవరైనా ఉద్యోగం వెతుక్కుంటూ ఇటు వస్తామంటే ముందే చెప్పండి, ఇక్కడ స్టిక్కర్ పోస్టులు లేవు. అంటించడానికి పాఠం ఉండాలి కదా.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి