బిల్లు చివరి వరుసలో మన ఐశ్వర్యం

మన కుటుంబాలు పొదుపు మానేశాయని ఆర్థికవేత్తలు తెగ బెంగపడుతున్నారు. 2022-23లో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు జీడీపీలో అయిదు శాతం దగ్గరికి జారిందనీ, దాదాపు అర్ధ శతాబ్దంలో ఇంత తక్కువ ఎన్నడూ లేదనీ లెక్కలు తేలినప్పుడు పత్రికల సంపాదకీయాలు కూడా కంటతడి పెట్టాయి. వారి ఆవేదనను గౌరవిస్తూనే ఒక లోపాన్ని ఎత్తిచూపక తప్పదు. ఆ లెక్కలు వేసినవారు బ్యాంకు డిపాజిట్లు చూశారు, బీమా చూశారు, భవిష్యనిధి చూశారు. ఆషాఢమాసంలో బట్టల దుకాణం ఇచ్చే బిల్లులో చివరి వరుస మాత్రం చూడలేదు. ‘ఈ కొనుగోలులో మీరు ఆదా చేసినది’ అని అక్కడ పైసలతో సహా అచ్చయి ఉంటుంది. తెలుగు కుటుంబాల అసలు ఆస్తి అదే.

నమ్మకం కుదరకపోతే సేల్ నుంచి అప్పుడే ఇంటికి చేరిన ఏ ఇల్లాలినైనా, ఆ మాటకొస్తే ఏ ఇంటాయననైనా, ఎంత ఖర్చయిందని అడిగి చూడండి. ‘ఏడు వేలు మిగిలాయి’ అంటారు. అడిగింది అది కాదు కదా అని రెట్టించారంటే మీకు ఆర్థికశాస్త్రం అబ్బలేదని అర్థం. పోయిన డబ్బు ఎలాగూ పోయింది, దాన్ని తలచుకుని ఏం లాభం? మిగిలినదాని గురించి మాట్లాడుకోవడమే సంస్కారం. ఇంకో రెండు చీరలు కొని ఉంటే ఇంకో మూడు వేలు మిగిలేవన్న చింత మాత్రం రాత్రి భోజనాల దాకా పీడిస్తుంది.

ఈ పొదుపు ఉద్యమానికి ఆషాఢాన్ని ఎంచుకోవడంలోనే గొప్ప దూరదృష్టి ఉంది. అది శూన్యమాసం. పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని కొత్త కోడలిని పుట్టింటికి పంపిస్తారు. అంటే ఊళ్లోని కొత్త పెళ్లికూతుళ్లందరూ చేతిలో పని లేకుండా కన్నతల్లి పక్కన కూర్చుని ఉండే నెల అన్నమాట. వర్తకుడికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ మేనేజ్‌మెంట్ కళాశాల పెట్టగలదు? శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, దాని వెనకే పెళ్లి ముహూర్తాలు, కొత్త సరుకు. ఆలోగా గోదాములో పడి ఉన్న పాత సరుకు కదలాలి. తమిళులు ఈ పనినే ఆడిమాసంలో ‘ఆడి తళ్ళుబడి’, అంటే ఆడి తగ్గింపు, పేరుతో చేసుకుంటారు. ఆ రోజుల్లో చెన్నై టి. నగర్‌లో అడుగుపెట్టినవారికి లోపలికి వెళ్లడం వరకే తమ చేతుల్లో ఉంటుంది, బయటికి ఎప్పుడు రావాలో జనమే నిర్ణయిస్తారు.

వెనకటికి బేరమంటే ఇద్దరు మనుషుల మధ్య జరిగేది. కోఠి సుల్తాన్ బజారులోనూ, విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ ఇప్పటికీ జరుగుతుంది. అతను ఆరువందలంటాడు. మీరు రెండువందలంటారు. ‘గిట్టదమ్మా, బోణీ బేరం, మీరే న్యాయం చెప్పండి’ అంటాడు. సాయంత్రం ఏడింటికి కూడా అది బోణీ బేరమే. మీరు చేతిలోని గుడ్డ కింద పెట్టి నాలుగడుగులు వేస్తారు. ఆ నాలుగడుగులు వేయడం ఒక విద్య. మరీ వేగంగా నడిస్తే అతను పిలవడు. మరీ నెమ్మదిగా నడిస్తే మీరు కొనే మనిషేనని కనిపెట్టేస్తాడు. ‘రండమ్మా, రండి, ఆఖరి మాట చెప్పండి’ అని వినపడేదాకా వెనక్కి తిరగకూడదు. రెండువందల యాభైకి తెగుతుంది. అతనికి గిట్టుతుంది, మీకు గెలిచినట్టుంటుంది, ఇద్దరూ ఎదుటివాడు అమాయకుడనుకుంటూ విడిపోతారు.

ఈ శ్రమంతా ఇప్పుడు మాల్ తన నెత్తిన వేసుకుంది. మన తరఫు బేరం కూడా అదే ఆడుతుంది. చీర మీద ముందు తనే ఆరువేలని చీటీ అంటిస్తుంది. వెంటనే తనే సిగ్గుపడి ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి మూడువేలంటుంది. మనం ఇంకా నోరు తెరవలేదు. ‘సరే పొండి, మీరు కాబట్టి పద్దెనిమిది వందలు’ అంటుంది. ఇంత గొప్ప ఏకపాత్రాభినయం చూశాక ఉత్త చేతులతో తిరిగి రావడానికి మనసెలా ఒప్పుతుంది? ఆ చీరను ఆరువేలకు ఏ నెలలో, ఎవరు, ఎక్కడ కొన్నారని అడిగే శంకల రాయుళ్లు ఉంటారు. వాళ్లను పట్టించుకోకూడదు. ఆ ధర అమ్మడానికి పుట్టింది కాదు, కొట్టివేయడానికి పుట్టింది.

గణితానికి కూడా మాల్‌లు చేసిన సేవ తక్కువేమీ కాదు. ‘50 శాతం + 40 శాతం తగ్గింపు’ అని గుమ్మానికి వేలాడదీస్తారు. ఎంత అని అయిదో తరగతి పిల్లవాడిని అడిగితే తొంభై అంటాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అమ్మాయి డెబ్బై అంటుంది. ఆ అమ్మాయిదే ఒప్పు. 2,999 రూపాయల చొక్కాలో సగం పోతే పదిహేను వందలు, ఆ పదిహేను వందల్లో నలభై శాతం పోతే తొమ్మిది వందలు. నిజంగా తొంభై శాతమే తగ్గితే మూడువందలకే రావాలి. నేరుగా 70 శాతమని రాస్తే సరిపోదా అంటే, సరిపోతుంది. కానీ రెండు అంకెల మధ్య కూడిక గుర్తు కనిపిస్తే మనిషిలో కలిగే పులకరింత ఒంటరి అంకెతో రాదు.

చీరల విభాగం సంగతి వేరే చెప్పాలి. మామూలు రోజుల్లో తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక్కొక్క చీరా విప్పి, కొంగు భుజాన వేసి అద్దం చూపిస్తారు. రంగు సరిగ్గా తెలియడం లేదంటే వీధి గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూపిస్తారు. సేల్‌లో ఆ మర్యాదలు ఉండవు. చీరలు కుప్పలుగా పోసి ఉంటాయి, చుట్టూ ఆడవాళ్లు. ఆ కుప్పలో ఒక ఆకుపచ్చ చీర పొద్దుటి నుంచి అనాథగా పడి ఉంటుంది. దాన్ని ఒకావిడ ఊరికే అలా ఎత్తగానే రెండో కొస మీద ఇంకో చెయ్యి పడుతుంది.

‘అది నేను చూస్తున్నానండీ.’

‘చూడండమ్మా, నేను వద్దన్నానా? మీరు చూసేదాకా పట్టుకుంటున్నాను.’

ఆ క్షణం నుంచి ఆ చీరకు ప్రాణం వస్తుంది. ఇద్దరిలో ఎవరికీ ఆకుపచ్చ నప్పదు. అయినా ఇద్దరూ వదలరు. చివరికి గెలిచినావిడ ఇంటికెళ్లి దాన్ని ఆడపడుచుకు పెట్టేస్తుంది. ఆ ఆడపడుచు దసరాకు ఎవరికి పెడుతుందో చెప్పడం కష్టం. మగవాళ్లు ఈ రణరంగానికి దూరంగా, ట్రయల్ రూముల దగ్గర వేసిన కుర్చీల్లో, ఇతరుల సంచులకు కూడా కాపలా కాస్తూ ఫోనులో లీనమై ఉంటారు. వారి గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

ఏడు వేలు మిగుల్చుకున్న మనిషి బిల్లు కట్టేచోట పది రూపాయల సంచి కోసం తగువు పెట్టుకుంటాడా అని మీరు అనుకోవచ్చు. అక్కడే పెట్టుకుంటాడు. న్యాయం కూడా అతని పక్షానే ఉంది. సంచికి మూడు రూపాయలు వసూలు చేసినందుకు చండీగఢ్ వినియోగదారుల ఫోరం 2019లో ఒక చెప్పుల కంపెనీకి తొమ్మిది వేల రూపాయలు వదిలించింది. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి, తగ్గించి అమ్ముతున్నామని ఊరించి, తగ్గిన ధర మీద మళ్లీ పన్ను వేయడం అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లో తేల్చింది. మనవాళ్లకు సంచి తీర్పు నోటికి వచ్చు, పన్ను తీర్పు గుర్తుండదు. మూడు రూపాయలకు ఉన్న నొప్పి మూడు వందలకు ఉండదు మరి.

ఏ ఉద్యమంలోనైనా త్యాగాలు తప్పవు. 2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో ఒక మాల్ పది రూపాయలకే చీర అని చాటించింది. జనం విరుచుకుపడ్డారు, తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు. ఆ తోపులాటలో ఒకావిడ బంగారు గొలుసు పోయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. పది రూపాయల చీర ఆమెకు ఎంతకు పడిందో తులం ధర తెలిసినవారు లెక్కవేసుకోవచ్చు. సరిపడా సరుకు లేకుండా కారుచవక ధర చూపించి జనాన్ని రప్పించడాన్ని కేంద్రం 2022 మార్గదర్శకాల్లో ఎర ప్రకటనల కింద చేర్చి హద్దులు పెట్టింది. ఈ సంగతి గాలానికి తెలుసు. చేపలకే ఎవరూ చెప్పినట్టు లేదు.

మాల్ కన్నా ఒక మెట్టు పైనున్నది ఫ్యాక్టరీ అవుట్‌లెట్, అంటే ఫ్యాక్టరీలో మిగిలిన సరుకును చవకగా అమ్ముతామనే దుకాణం. బెంగళూరులో మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఎక్కువగా ఉండే మారతహళ్లిలో ఇవి వరసగా ఉంటాయి. ఎటు చూసినా అవుట్‌లెట్లే, ఫ్యాక్టరీ మాత్రం కనిపించదు. ఇక్కడ కొనేవారి పద్ధతి చూసి తీరాలి. చొక్కాను దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంటారు. గుండీలు లెక్కపెడతారు, చంక కుట్టు లాగి చూస్తారు, జేబు రెండు మిల్లీమీటర్లు వంకరగా ఉందని పసిగడతారు. లోపం దొరకగానే మొహం విప్పారుతుంది. ఇందుకన్నమాట ఇంత చవక! దొరకకపోతేనే గుబులు. మెడ పట్టీ మీద కంపెనీ పేరును నల్ల సిరాతో కొట్టేసి ఉంటే అది అసలైన ఎగుమతి సరుకని నమ్మకం. పేరు శుభ్రంగా కనిపిస్తే నకిలీ అని అనుమానం. పేరు చెరిపేయడం వల్ల పరువు పెరిగే చోటు లోకంలో ఇదొక్కటే.

అమెరికాలో ఈ విద్య ఇంకా ముదిరింది. పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణంలో 1970లలో ఫ్యాక్టరీ మిగులు సరుకు అమ్ముకునే దుకాణాలుగా ఊపందుకుని, ఊరికి దూరంగా హైవేల పక్కన మహానగరాలంతటి అవుట్‌లెట్ మాల్‌లుగా విస్తరించింది. మిగులు ఎంతకని మిగులుతుంది? అందుకని అవుట్‌లెట్లలో అమ్మడానికే ప్రత్యేకంగా సరుకు తయారు చేయడం మొదలైంది. పెద్ద దుకాణంలో ఏనాడూ అమ్మని చొక్కాకు ‘అసలు ధర’ ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీయమని 2014లో నలుగురు అమెరికా చట్టసభ సభ్యులు అక్కడి వ్యాపారాల తీరు మీద నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు లేఖ రాశారు. పంచాంగం లేని దేశంలో కూడా ఆషాఢం ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలను మనవాళ్లు నయాగరాకు ఒకసారి తీసుకువెళతారు, టెక్సాస్‌లో ఉంటే శాన్ మార్కోస్ అవుట్‌లెట్లకు వీలైనన్నిసార్లు తీసుకువెళతారు. నాన్నగారు ప్రతి చీటీనీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకుంటారు. అమ్మగారు పక్కనున్న కొట్టేసిన ధరను కూడా రూపాయల్లోకి మార్చి ఆయనకు ధైర్యం చెబుతారు. బావమరిదికి చొక్కా, వియ్యపురాలికి చేతిసంచి, ఎందుకైనా మంచిదని నాలుగు తువ్వాళ్లు. తిరుగు ప్రయాణం ముందురోజు పెట్టెను కొక్కెం తూకానికి వేలాడదీసి, ఇరవై మూడు కిలోలు దాటితే తువ్వాళ్లు తీసి, మళ్లీ పెట్టి, చివరికి నాన్నగారి పంచెలు తీసేస్తారు. గుంటూరు చేరాక బావమరిది చొక్కా తొడుక్కుని మెడ దగ్గర గుచ్చుకుంటున్న పట్టీ తిప్పి చూస్తే ‘మేడిన్ ఇండియా’. తిరుప్పూరులో రైలెక్కితే మర్నాటికి గుంటూరు చేరగల చొక్కా రెండు మహాసముద్రాలు చుట్టి, సగం ధరకు వచ్చింది. సగం ధరకే కదా, ఆ సంగతి మరవకూడదు.

ఇవన్నీ దృష్టిలో ఉంచుకుని ఆర్థిక మంత్రిత్వ శాఖకు ఒక విన్నపం. పాత పన్ను విధానంలో బీమా, భవిష్యనిధి వంటివాటికి కలిపి లక్షన్నర దాకా మినహాయింపు ఉంది. బిల్లు చివరి వరుసలో అచ్చయిన పొదుపుకు కూడా అంతే మినహాయింపు ఇవ్వాలి. ఒకే బిల్లును భార్యాభర్తలిద్దరూ చూపించకుండా జాగ్రత్తలు తీసుకోవచ్చు. అసలు చిక్కల్లా కాగితంతోనే. వేడి తగిలితే అక్షరాలు తేలే రకం కాగితం అది, బీరువాలో కొన్ని నెలలుంటే వెలిసిపోతుంది. ఆషాఢంలో మిగిల్చినది మార్చిలో ఆడిటరు ముందు పెట్టేసరికి తెల్లకాగితం. కనుక కనీసం ఆ చివరి వరుసనైనా చెరగని సిరాతో అచ్చు వేయాలని దుకాణాలను ఆదేశించాలి. ఎన్నికల్లో వేలికి పూసే సిరా మైసూరులో తయారవుతుంది. టోకున కొంటున్నాం కాబట్టి 50 + 40 అడగవచ్చు.