పేర్ల కాగితానికి బర్రూరి రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ జపాన్‌లోని సెందాయ్ ఊళ్ళో హోటలు గుమ్మంలో అట్టకు బిగించుకుని కూర్చున్న పేర్ల కాగితం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మీరొక్కరే కుశలం.

గ్యూతాన్ అనే కాల్చిన గొడ్డు నాలుక, ఆ వెనక సోబా అనే చల్లని బక్‌వీట్ నూడుల్స్ తినాలని నిన్న టోక్యోలో షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కి గంటన్నర ప్రయాణం చేసి వచ్చాను. పదకొండున్నరకు మీ ముందు వంగి పేరు రాశాను. కటకానా లిపిలో రాయమన్నారు, రాశాను. ఎందరన్నారు, ఒక్కణ్ణే అన్నాను. వీసా దరఖాస్తు కూడా ఇంత అణకువగా నింపలేదు.

మా ఇంటిపేరు వల్లూరి. మీ భాషలో 'ల' లేదు, 'ర'తో సర్దుకుంటారు. 'వ' రాయడానికి అక్షరం ఉంది గానీ నోటికి వచ్చేది 'బ'. ఇదంతా తెలిసిన మనిషినే. అయినా పన్నెండూ నలభైకి ఆ అమ్మాయి బయటికి వచ్చి "బర్రూరి సామా!" అని, అంటే బర్రూరి గారూ అని పిలిస్తే కదల్లేదు. తలుపుకు మూడడుగుల దూరంలో ఉన్నాను. మా ఊళ్ళో బర్రెలు ఉన్నాయి గానీ మా ఇంటిపేరులో లేవు. రెండోసారి పిలిచింది. మూడోసారి గొంతు పెంచింది. పాపం ఎవరో ఈ బర్రూరి, ఇంతసేపు కాచుకుని సరిగ్గా ఇప్పుడే ఎటో వెళ్ళాడు అని జాలిపడ్డాను. వరసలో ఒకరు తగ్గారని కొంచెం సంతోషించాను కూడా.

నా వెనక వచ్చినవాళ్ళు లోపలికి వెళ్తుంటే అనుమానం వచ్చి మిమ్మల్ని చూశాను. నా పేరు మీద గీత. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.

ఏమయ్యా కాగితమా, ఆ పేరు ఎవరిదనుకున్నావు? తనాకాదా, సుజుకీదా? వరస మొత్తంలో మీసాలతో నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే కదా! ఒక్క చూపు ఇటు పడేస్తే నీ సిరా ఇంకిపోయేదా? నాలుకలు కాల్చి అమ్మే కొట్టులో నా పేరుకు నాలుక తిరగకపోవడమేమిటి?

ఆ బర్రూరిని నేనే అని చెప్పుకోవడానికి సిగ్గేసింది. మారుమాట లేకుండా అడుగున మళ్ళీ రాశాను. ఈసారి మా తాతగారి పేరు చివరి ముక్క, 'రావు'. తెలుగులో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. అయినా "రావో సామా" అనగానే పరుగెత్తుకుంటూ వచ్చాను.

అప్పటికి రెండు కావస్తోంది. టికెట్ల యంత్రంలో సోబా బొత్తం మీద ఎర్రగా 'ఉరికిరే' వెలుగుతోంది. సోబా అయిపోయింది, చివర్లో తాగుదామనుకున్న ఆ సోబా గంజీ పోయింది. ఆ యంత్రానికి వేరే ఉత్తరం రాస్తాను.

నాలుక సంగతి మాత్రం దాచలేను. 1948లో ఈ ఊళ్ళో సానో కెయిషిరో దీన్ని కాల్చి అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఏ తెలుగువాడి ఆకలినీ తలచుకుని ఉండడు. కానీ ఉప్పు పట్టించి ఊరబెట్టిన ఆ మందపాటి ముక్క, బొగ్గుల సెగకు అంచులు మాడి, మొదట పంటికి మొండికేసి ఆపైన లొంగిపోతుంటే కోపం నిలవలేదు. పక్కన బార్లీ అన్నం, తోక సూపు. మిసో అనే పులిసిన సోయా ముద్దలో ఊరిన పచ్చిమిరపకాయ కొరికేసరికి ఇంటి దగ్గరి ఊరమిరపకాయలు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. కారం వల్లనే.

సోబా బాకీ ఉంది కనుక వచ్చే శనివారం పదింటికే వస్తాను. వల్లూరి అనే రాస్తాను. బర్రూరి అన్నా పలుకుతాను. గీత మాత్రం పెన్సిలుతో గీయించండి.

ఇట్లు,
తమ నిన్నటి వరసలో ఏడో పేరు (కొట్టివేత)